డిటర్మైన్డ్ మేడం

ఒక తప్పు మాటను పన్నెండు మంది పిల్లల నోళ్ళలో కుదురుగా కూర్చోబెట్టి, వాళ్ళను వరసగా ముగ్గురు ప్రొఫెసర్ల ముందుకు పంపిన ఘనత సూరత్ నగరంలో నా ఒక్కదానికే దక్కిందని అనుకుంటున్నాను. ఇంకెవరికైనా దక్కి ఉంటే వాళ్ళు బయటికి చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి నాకూ ఇన్నాళ్ళు పట్టింది. చదువుతుంటే నవ్వొస్తే ఆపుకోకండి. మా అమ్మ ఇప్పటికీ ఆపుకోవడం లేదు.

అవి కరోనా రోజులు. మొదటి లాక్‌డౌన్ అయిపోయి మగ్గాల షెడ్లు మళ్ళీ తెరుచుకున్నాయి గానీ, బళ్ళూ కాలేజీలూ ఇంకా మూసే ఉన్నాయి. మేముండేది సూరత్ శివారు డిండోలిలో. మా బాపు పవర్‌లూమ్ నడిపేవాడు, అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అంటించేది. నేను మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో చదివి, ఆ తరవాత పట్టుబట్టి ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేశాను. మా కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు గుజరాతీలో చెప్పేవారు. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బజారులో గుజరాతీ. అంటే ఇంగ్లిష్ నాకు కళ్ళతోనే వచ్చింది, చెవులతో రాలేదు. పుస్తకాలు బస్తాల కొద్దీ చదివాను. ఒక్కరితోనూ మాట్లాడలేదు.

ఆ సమయంలో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలను పన్నెండో తరగతి అవగానే మంచి కాలేజీల్లో చేర్పించడానికి తయారుచేసే సంస్థ ఒకటి ఇంగ్లిష్ టీచరు కోసం వెతుకుతోందని తెలిసింది. పాఠాలన్నీ ఫోన్లోనే. ఆ సంస్థ వ్యవహారాలు చూసే హేతల్ బెన్ నన్ను వీడియోలో ఇంటర్వ్యూ చేసింది. బెన్ అంటే గుజరాతీలో అక్క. మంచి మనిషి, గబగబా మాట్లాడుతుంది.

"నిన్నే ఎందుకు తీసుకోవాలో ఒక్క ముక్కలో చెప్పు," అంది.

నేను వెన్ను నిటారుగా పెట్టి, "ఐ యామ్ వెరీ డిటర్మైన్డ్," అన్నాను.

హేతల్ బెన్ తెర మీదికి వంగింది. "నెట్‌వర్క్ కొంచెం కట్ అయినట్టుంది. సరేలే, సోమవారం నుంచి మొదలుపెట్టు," అంది.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పట్టుదల గల మనిషిని ఇంగ్లిష్‌లో డిటర్మిన్డ్ అంటారు. "మిన్" అనాల్సిన చోట నేను జీవితమంతా "మైన్" అంటూ వచ్చాను. తప్పు నాదొక్కదానిదే కాదు. ఫైన్, లైన్, నైన్, వైన్ అంటూ ఇన్ని మాటలు నా పక్షాన నిలబడి ఉండగా, ఈ ఒక్కటి ప్లేటు ఫిరాయిస్తుందని నేనెలా అనుకుంటాను? ఎప్పుడైనా ఎవరైనా డిటర్మిన్డ్ అంటే, పాపం వీళ్ళకి చదువు సరిగ్గా అబ్బలేదని జాలిపడేదాన్ని.

పిల్లలు పన్నెండు మంది. మరాఠీ, ఒడియా, హిందీ, తెలుగు, గుజరాతీ, అన్ని భాషల ఇళ్ళ నుంచీ వచ్చినవాళ్ళు. ఒడియా పిల్ల సస్మిత వడోద్‌లో ఒకటే గది ఉన్న ఇంట్లో నుంచి వచ్చేది. ఫోనును చున్నీతో కిటికీ ఊచకు కట్టేది. గాలి వీచినప్పుడల్లా సస్మిత మా కళ్ళ ముందు ఊయల ఊగేది. తెలుగు పిల్ల స్రవంతి బమ్రోలిలో ఉండేది. వాళ్ళింటికి సిగ్నల్ రాదు. మేడమెట్ల మీద ఆఖరి మెట్టు దగ్గర మాత్రం వస్తుంది. ఏడు నెలలు ఆ పిల్ల ఆ ఒక్క మెట్టు మీదే ఇంగ్లిష్ నేర్చుకుంది. డిండోలి నుంచే నీలేశ్ అనే మరాఠీ కుర్రాడు, నేనేం చెబితే అది పొల్లు పోకుండా రాసుకునేవాడు.

ఇలాంటి పిల్లల్ని ఎలాగైనా గట్టెక్కించాలని నేను భీష్మించుకున్నాను. జ్వరం వచ్చినా పాఠం మానలేదు. కరెంటు పోతే కిందికెళ్ళి కిరాణా కొట్టు మెట్ల మీద కూర్చుని చెప్పాను. పూణేలో ఒక పెద్ద కాలేజీ వాళ్ళు మా పిల్లలను ఇంటర్వ్యూ చేసి, నచ్చినవాళ్ళకు ఫీజు లేకుండా సీటు, హాస్టలూ ఇస్తామన్నారు. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లోనే. ఆ సీటు రాకపోతే సస్మితకు ఊళ్ళో పెళ్ళి సంబంధం సిద్ధంగా ఉంది. నీలేశ్‌కు వాళ్ళ మామ పనిచేసే బట్టలకు రంగులద్దే మిల్లులో పని సిద్ధంగా ఉంది. అందుకని ఆ ఇంటర్వ్యూను నేను యుద్ధంలా పట్టుకున్నాను.

"నీ గురించి చెప్పు" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి పేరు, ఊరు, అమ్మానాన్నల పని చెప్పి, చివర ఒక్క వాక్యంతో ముగించాలని నేర్పాను. ఆ వాక్యం ఏమిటో వేరే చెప్పాలా? ఐ యామ్ వెరీ డిటర్మైన్డ్.

"ఈ మాటలో చివర మైన్ ఉంది, విన్నారా?" అని వివరించాను. "మైన్ అంటే గని. గని తవ్వేవాడు బొగ్గు తగిలేదాకా ఆగడు. అలా ఆగకుండా తవ్వేవాడే డిటర్మైన్డ్."

ఈ వ్యుత్పత్తి ఎక్కడ చదివావని అడగకండి. ఎక్కడా లేదు. పాఠం మధ్యలో అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది. పుట్టినప్పుడు నాకే ముచ్చటేసింది. సస్మిత అయితే ఊయలలోంచే చప్పట్లు కొట్టింది. వాళ్ళ పెద్దనాన్న ఒడిశాలో నిజంగానే బొగ్గు గనిలో పనిచేస్తాడట.

మర్నాడు పాఠం మధ్యలో స్రవంతి చెయ్యెత్తింది. క్లాసులో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఆ పిల్ల కావాలనే తెలుగులో అడిగింది. నలుగురిలో నా పరువు పోకూడదని.

"మేడం, జర ఒక్క మాట. నేను డిక్షనరీల చూసిన. స్పీకర్ బొమ్మ నొక్కితే అది డిటర్మిన్డ్ అనవట్టింది. మైన్ అంటలేదు."

నా పరువు కాపాడటానికి వచ్చిన పిల్లను నేనేం చేశానో చూడండి. అందరికీ వినపడేలా ఇంగ్లిష్‌లో జవాబిచ్చాను. "అది అమెరికా వాళ్ళ ఉచ్చారణ. మన దేశంలో బ్రిటిష్ ఇంగ్లిష్ నడుస్తుంది. యాప్‌లు చూసి చెడిపోకు. పదిసార్లు అను."

స్రవంతి నా వంక ఒకసారి చూసి మొదలుపెట్టింది. డిటర్మైన్డ్, డిటర్మైన్డ్, అంటూ తొమ్మిదిసార్లు అంది. పదోసారి తాపీగా, "డిటర్మిన్డ్," అంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ మెట్టు దగ్గర సిగ్నల్ పోయింది. పోయిందో, పోగొట్టిందో ఇప్పటికీ చెప్పదు.

ఎం.ఏ. చదివిన నేను ఆ స్పీకర్ బొమ్మ ఒక్కసారి నొక్కి చూసి ఉంటే ఈ కథే లేదు. నొక్కలేదు. తెలిసిన విషయానికి ఎవరైనా డిక్షనరీ చూస్తారా?

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. శనివారం పొద్దున పది గంటలకు. టీచరు కూడా కాల్‌లో ఉండవచ్చు గానీ, మైకూ కెమెరా కట్టేసి వినడమే తప్ప నోరు మెదపకూడదని నియమం. నేను స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఎవరికీ కనపడని కెమెరా ముందు కూర్చున్నాను. పక్కనే అమ్మ చీర పరుచుకుని రాళ్ళు అంటిస్తోంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తారు. మిగతావాళ్ళు బయట, కనపడని గదిలో, తమ వంతు కోసం కాచుకుంటారు.

ముగ్గురు ప్రొఫెసర్లలో పెద్దావిడ తలంతా తెల్లగా నెరిసి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఉంది. మొదటి పిల్లవాడు బ్రహ్మాండంగా మాట్లాడి, చివర ఛాతీ విరుచుకుని, "ఐ యామ్ వెరీ డిటర్మైన్డ్," అన్నాడు.

పెద్దావిడ చిరునవ్వుతో, "నీకు దేని మీద అంత పట్టుదల?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఆ ప్రశ్నలో ఆవిడ డిటర్మిన్డ్ అంది.

ఇంత పెద్ద ప్రొఫెసరు కూడా తప్పు పలుకుతోందే అని నాకు బాధ కలిగింది. అవును, బాధే కలిగింది.

రెండో పిల్ల డిటర్మైన్డ్ అంది. మూడోవాడూ అన్నాడు. నాలుగో పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎడమ పక్కనున్న ప్రొఫెసరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కరోనా రోజులు కదా, దగ్గొస్తోంది కాబోలనుకున్నాను. అయిదోవాడి తరవాత కుడి పక్కాయన కూడా డిటర్మిన్డ్ అన్నాడు. ఇద్దరు ప్రొఫెసర్లు, ఇద్దరిదీ ఒకటే తప్పు. అప్పుడు మొదటిసారి, తప్పు వాళ్ళదేనా అని అనుమానం వచ్చింది.

ఆరో వంతు సస్మితది. గాలికి ఒకసారి ఇటూ అటూ ఊగి, నిలదొక్కుకుని, చక్కగా చెప్పుకుంటూ వచ్చి ఆఖరి వాక్యం అప్పగించింది.

పెద్దావిడ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. "అమ్మాయీ, ఈ డిటర్మైన్డ్ అంటే ఏమిటి? నాకు కొత్తగా ఉంది," అంది.

సస్మిత ముఖం వెలిగిపోయింది. తెలిసిన ప్రశ్న కదా. "మేడం, ఇది మైన్ నుంచి వచ్చింది. మైన్ తవ్వేవాడు ఆగడు. మా పెద్దనాన్న కూడా చాలా డిటర్మైన్డ్."

"ఆయనకు పట్టుదల ఎక్కువా, లేక గనిలో పనిచేస్తాడా?"

"రెండూ మేడం. రెండూ ఒకటే మాట."

ముగ్గురు ప్రొఫెసర్ల మైకులూ ఒకేసారి ఆగిపోయాయి. బొమ్మలు మాత్రం కనపడుతున్నాయి. ఎడమ పక్కాయన రుమాలు ఇప్పుడు ముఖమంతా కప్పేసింది. పెద్దావిడ భుజాలు కదులుతున్నాయి. అది దగ్గు కాదని నాకు అర్థమైంది.

డిక్షనరీ తెరిచి స్పీకర్ బొమ్మ నొక్కాను. అమెరికా గొంతు "డిటర్మిన్డ్" అంది. పోనీలే, అది అమెరికా. బ్రిటన్ బొమ్మ నొక్కాను. "డిటర్మిన్డ్." మళ్ళీ నొక్కాను. ఎన్నో విషయాల్లో ఒకరితో ఒకరికి పడని ఆ రెండు దేశాలూ నా మీద మాత్రం ఒక్కటయ్యాయి.

"ఏమైంది బిడ్డా, గట్ల మొకం పెట్టినవ్?" అంది అమ్మ.

"అమ్మా, పోరగాళ్ళకు ఒక మాట తప్పు చెప్పిన. అందరూ గదే అంటున్నరు."

"ఇంక ఎంతమంది ఉన్నరు?"

"ఆరుగురు."

"మరి కూసుంటే ఎట్ల? వాళ్ళకన్న చెప్పు."

కన్నీళ్ళు పెట్టుకునే వ్యవధి లేదు. ఆరుగురినైనా దక్కించుకోవాలి. వాట్సాప్ గ్రూపు తెరిచి ఇంగ్లిష్‌లో గబగబా టైపు చేశాను. "డిటర్మైన్డ్ అనకండి. డిటర్మిన్డ్ అనండి." పంపించి, ఊపిరి పీల్చుకుని, పంపిందాన్ని చదువుకున్నాను. ఇంగ్లిష్‌లో ఎలా పలికినా రాసేది అవే పది అక్షరాలు. అంటే నేను పిల్లలకు పంపింది, గంగ అనకండి, గంగ అనండి, అన్నట్టుంది.

నీలేశ్ వెంటనే జవాబిచ్చాడు. "ఓకే మేడం. రెండిట్లో ఏది?"

సరే, గొంతుతోనే పంపిద్దామని వాయిస్ మెసేజ్ బటన్ నొక్కాను. "పిల్లలూ, జాగ్రత్తగా వినండి. అది డిటర్మైన్డ్ కాదు. డిటర్... డిటర్మైన్డ్." నాలుక తిరగదే. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క నిమిషంలో పోతుందా? రెండోసారి ప్రయత్నించాను. "డిటర్మైన్డ్ కాదు, డిటర్మైన్డ్." పక్కన అమ్మ రాళ్ళు అంటిస్తూనే వింటోంది. ఈలోపు ఏడో పిల్ల లోపలికెళ్ళి, ముద్దుముద్దుగా ఆ మాట అప్పగించేసి వచ్చేసింది.

"ఓ బిడ్డా, గా మాట నీకే నోరు తిరుగుతలేదు. గది ఇడిచిపెట్టి ఇంకో మాట చెప్పమను," అంది అమ్మ.

నా ఎం.ఏ.కు తట్టనిది మా అమ్మకు చీర మీంచి తలెత్తకుండానే తట్టింది. వెంటనే రాశాను: "డిటర్మిన్డ్ అని చెప్పకండి. హార్డ్‌వర్కింగ్ అని చెప్పండి." కష్టపడే మనిషిని అని అర్థం. ఎటూ తిరిగి తప్పు పలకలేని మాట. నీలేశ్ నుంచి బొటనవేలి గుర్తు వచ్చింది. అమ్మ కాళ్ళు మొక్కుదామనుకున్నాను.

నీలేశ్ లోపలికి వచ్చాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, నాన్న పని చెప్పాడు. నేను చెప్పినదాన్ని పొల్లు పోకుండా పాటించే కుర్రాడని ముందే చెప్పాను కదా. ఆఖరికి చేతులు కట్టుకుని, స్పష్టంగా అన్నాడు. "మేడం, ఐ యామ్ నాట్ డిటర్మైన్డ్. ఐ యామ్ హార్డ్‌వర్కింగ్."

పెద్దావిడ తన ముందున్న కాగితం ఒకసారి చూసుకుంది. తరవాత, "నీకు పట్టుదల లేదా బాబూ?" అని మెల్లగా అడిగింది.

"లేదు మేడం. ఇవాళ పొద్దున దాకా ఉండేది."

నేను ఫోను తీసి చీరల కుప్పలో బోర్లా పెట్టాను. అమ్మ తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది. "వాళ్ళను పంపింది నువ్వే, ఆఖరిదాక ఉండాలె," అంది. ఉన్నాను. తొమ్మిది, పది, పదకొండు వంతులకు హార్డ్‌వర్కింగ్ ఒకటి, డిటర్మైన్డ్ రెండు.

ఆఖరున స్రవంతి. వెనకాల మేడమెట్ల గోడ. ఈ పిల్ల గానీ సరిగ్గా పలికిందంటే మిగతావాళ్ళ తప్పు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తప్పు పలికిందంటే తన సీటు పోతుంది. రెండూ నా పుణ్యమే.

పెద్దావిడ తనే అడిగేసింది. "నీ స్నేహితులంతా ఒక మాటను ప్రత్యేకంగా పలుకుతున్నారు. నువ్వెలా అంటావు?"

స్రవంతి తడుముకోలేదు. నిదానంగా, వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పింది. "బయట డిటర్మిన్డ్ అంటాను మేడం. క్లాసులో డిటర్మైన్డ్ అంటాను. మా మేడం ఇంగ్లిష్ పుస్తకాల్లో చదివి నేర్చుకుంది. మాట్లాడటానికి ఆమెకు ఎవరూ లేరు. మాకు ఆమె ఉంది. జ్వరంతో కూడా పాఠం చెప్పింది. నేను తప్పు అని చెప్పినా వినలేదు."

"ఎందుకు వినలేదంటావు?"

"ఎందుకంటే మేడం, షి ఈజ్ వెరీ డిటర్మైన్డ్."

ఈసారి మైకులు ఆపుకోవడానికి వాళ్ళకు వ్యవధి దొరకలేదు. ముగ్గురు ప్రొఫెసర్ల నవ్వూ మా డిండోలి గదిలో మోగింది. ఏం జరిగిందో అర్థం కాకపోయినా అమ్మ కూడా నవ్వింది. నేను ఏడ్చాను. ఎందుకో అడగకండి, పరువు పోయినందుకు మాత్రం కాదు.

ఇంటర్వ్యూలు అయ్యాక హేతల్ బెన్ ఫోన్ చేసింది. "లతా, ప్యానెల్ వాళ్ళు నీతో మాట్లాడతారట. కాల్‌లోనే ఉండు." ఉద్యోగం పోయిందని ఖాయం చేసుకున్నాను. పిల్లల్ని మాత్రం ఏమీ అనవద్దని బతిమాలాలని నిర్ణయించుకున్నాను.

కెమెరా తెరవగానే, పెద్దావిడ నోరు తెరవక ముందే మొదలుపెట్టాను. "మేడం, తప్పంతా నాది. పిల్లలకు పట్టుదల ఉంది. నీలేశ్‌కు అందరికంటే ఎక్కువ ఉంది. లేదని చెప్పమన్నది నేనే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎన్నేళ్ళ నుంచి ఇంగ్లిష్ చదువుతున్నావు?"

"ఆరో తరగతి నుంచి, మేడం."

"ఎవరితో మాట్లాడేదానివి?"

"ఎవరూ లేరు మేడం."

"నాకు ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా ఎపిటమీ అని పలకాల్సిన మాటను ఎపిటోమ్ అనేదాన్ని," అంది ఆవిడ. "అదీ నిండు సభలో. నన్ను సరిదిద్దడానికి నా క్లాసులో స్రవంతి లాంటి పిల్ల లేకపోయింది. సరే, ఆ నీలేశ్‌ను మళ్ళీ లోపలికి పిలువు. వాడి పట్టుదల వాడికి తిరిగి ఇచ్చేద్దాం."

పన్నెండు మందిలో తొమ్మిది మందికి సీట్లు వచ్చాయి. సస్మితకు వచ్చింది, స్రవంతికి వచ్చింది. రెండోసారి ఇంటర్వ్యూకు వెళ్ళి, తనకు పట్టుదల ఉందని ఒప్పుకున్నాక నీలేశ్‌కూ వచ్చింది. రాని ముగ్గురినీ నేను వదల్లేదు. మరో ఆరు నెలలు కూర్చోబెట్టి చదివించాను. వాళ్ళలో ఇద్దరు మరుసటి ఏడాది వేరే కాలేజీలో చేరారు. మూడో పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

ఇక ఆ సోమవారం క్లాసు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు కూర్చోకుండా లేచి నిలబడ్డాను. అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను. "నేను మీకు తప్పు నేర్పాను. స్రవంతి సరిగ్గా చెబితే పదిసార్లు అనిపించి శిక్షించాను. గని కథ కూడా నా కల్పనే. నన్ను క్షమించండి." నీలేశ్ అది కూడా పొల్లు పోకుండా రాసుకున్నాడు. సస్మిత మాత్రం, గని కథ నిజం కానందుకు కాబోలు, దిగులుగా ఊగింది.

అది చూసి నాకు ఆవేశం పొంగుకొచ్చింది. కుడిచెయ్యి కెమెరా ముందుకు చాపి, సందర్భానికి తగ్గట్టు ఇంగ్లిష్‌లో గంభీరంగా ప్రకటించాను. "ఫ్రమ్ టుడే, ఐ ప్రామిస్, ఐ విల్ చెక్ ఎవ్రీ ప్రొనౌన్సియేషన్."

స్రవంతి చెయ్యెత్తింది. "మేడం, అది ప్రొనౌన్సియేషన్ కాదు. ప్రొనన్సియేషన్."

ఈసారి వాదించలేదు. పిల్లలంతా చూస్తుండగా స్పీకర్ బొమ్మ నొక్కాను. అమెరికా వాళ్ళదీ నొక్కాను, బ్రిటన్ వాళ్ళదీ నొక్కాను. ఆ తరవాత నేనే, ఎవరూ అడక్కుండా, పదిసార్లు అన్నాను.

కాబట్టి పాఠకులారా, పన్నెండు మంది శిష్యుల సాక్షిగా, మా అమ్మ అంటించిన రాళ్ళ చీర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ, ఎంతటి ఆవేశం వచ్చినా సరే, ప్రతిజ్ఞ అనేదాన్ని ఇంగ్లిష్‌లో చెయ్యను.